పిండి ముద్దతో మూసిన పాలడబ్బా

తడిగుడ్డతోనా తుడిచేవు? మరి ఆ మాట నిన్ననే చెప్పాలి కదమ్మా భ్రమరాంబా. మీ ఆయన దొరబాబు ఫారిన్ సామాన్ల కొట్లో చెవులకి పెట్టుకునేదేదో కొన్నాడని మాత్రం చెప్పి, పాలు పొంగిపోతన్నాయని వెళ్ళిపోనావు. నాను మామూలుదే అనుకున్నాను. ఇప్పుడేమో చిన్న గిన్నెలంతేసి ఉన్నాయి, లోపల జల్లెడలాంటి రేకులున్నాయి, ఇటికంత బరువు పెట్టె ఒకటి వేరే ఇచ్చేరు అంటన్నావు. ముందు వెళ్ళి ఆ పెట్టె ప్లగ్గు పీకీసి రా. స్విచ్చి కట్టే ఉందా? ఉన్నా సరే, పీకీసి రా.

పీకేవా. దొరబాబు షిఫ్టు సాయంత్రానికి కదా దిగుతాడు. ఇలాంటివి బాగుచేసే హుస్సేన్ బాషా కూడా ఈ వేళప్పుడు కొట్టు మూసి భోజనానికి, నమాజుకి వెళ్తాడు. మళ్ళీ తలుపు తీసేదాకా నువ్వు ఇక్కడే కూర్చో, కాళ్ళు చాపుకో. ఆ వస్తువుని మాత్రం ముట్టుకోకు.

నవ్వకు. నువ్వు చేసిన ఈ పనే, అచ్చం ఇదే, బాషా పెళ్ళాం జైతూన్ బీ చేసింది. బాషా పొట్టకూడు మీదకొచ్చింది. నువ్వు పెళ్ళై గోదారి నుంచి ఈ వీధికి రాకముందు సంగతి. అప్పుడు బాషావాళ్ళదీ మాదీ ఒకటే వరండా, మధ్యన వెదురు తడక. తడక ఏటి అడ్డమమ్మా, వాళ్ళింట్లో తాలింపు వేస్తే నాకు తుమ్ములొచ్చీవి.

బాషా రేడియో మెకానిక్కు. కానీ ఊళ్ళో రేడియోలు బాగుచేస్తే వాడికి ఇల్లు గడవదు. అసలు పని రేవులో. ఓడల మీద నావికులకి టేపు రికార్డర్లు, రికార్డు ప్లేయర్లు ఉండీవి, ఉప్పుగాలికి ఊరికే పాడైపోయీవి. బాషా లోపలికెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. వెళ్ళాలంటే పాసుండాలి. పాసుండాలంటే ఓడ ఏజెంటు ఆఫీసువాళ్ళు పూచీ పడాలి. పూచీ పడిందెవరంటే ఆ ఆఫీసులో గుమాస్తా గవర్రాజు, బాషాతో కలిసి గోలీలాడుకున్నవాడు. ఆ పాసుని ప్లాస్టిక్కు కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవాడు బాషా. మాట్లాడతన్నంతసేపూ చెయ్యి జేబు మీదకి వెళ్తుండీది. అదంటే వాడికి అంత భయం.

ఒకసారి ఖనిజం ఎక్కించుకోడానికొచ్చిన ఓడలో వైర్లెస్ ఆఫీసరు ఒకాయన, పోలండు మనిషట, ఇలాంటిదే తీసి బాషా చేతిలో పెట్టేడు. కుడిచెవిలో చిటచిట, ఎడంచెవిలో గుసగుస. ఓడ ఖనిజం నింపుకుని ఆదివారం వెళ్ళిపోతాది, ఈలోగా బాగుచేసి ఇవ్వాలన్నాడు.

నాను తెలుగు టీచర్ని, నాకు ఫ్యూజు కట్టడం కూడా రాదు. బాషా చెప్పిందే చెప్తన్నాను. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, చిన్న స్పీకరు ఉంటాయి. ఇందులో అవి ఉండవు. రెండు బొక్కల రేకుల మధ్య ఒక పొర బిగించి ఉంటాది. దాని ముందు ఉల్లిపొర దుప్పటిలా లెక్క. ఆ పొర మీద కరెంటు నిలవుంటాది. పాటొచ్చినప్పుడు ఆ రేకు కాసేపు, ఈ రేకు కాసేపు లాగుతుంటే పొర ఊగుతాది. అదే మనకి వినిపిస్తాది. అయితే కరెంటున్న పొర దుమ్ముని కూడా లాక్కుంటాది. తల దువ్వుకున్న దువ్వెనతో మన బళ్ళో పిల్లలు కాగితం ముక్కల్ని ఎత్తుతారు చూడు, అలగ. మరి ఆ ఓడ నిండా ఖనిజం దుమ్మే. వాడేక స్విచ్చి కట్టి, కాసేపాగి, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకోవాలిట. ఆయన బల్ల మీద వదిలీసేవాడు. లోపలికెళ్ళిన దుమ్ముకి సముద్రం తేమ తోడయింది.

బాషా ఊపిరి బిగబట్టి, మెత్తని కుంచెతో రేకుల మీద దుమ్ము దులిపేడు. పొర జోలికి వెళ్ళలేదు. దులిపి, గూట్లో పెట్టి, ఆదివారం పొద్దున్న స్నానానికెళ్ళేడు.

ఇప్పుడు మన పాతూరి సంగతి నీకు చెప్పక్కర్లేదు. పొద్దున్న లేస్తే రేవు ఖనిజం దుమ్ముకి గుమ్మం ఎర్రగా, మంచం ఎర్రగా, ఆరేసిన లుంగీ ఎర్రగా. కాఫీ కంటే ముందు చేతిలోకి తడిగుడ్డ రావాల్సిందే. జైతూన్ బీ గూడు తుడిచింది. గూట్లో గడియారం తుడిచింది. గడియారం పక్కనున్నదీ తుడిచింది. గుడ్డ పిండింది, మళ్ళీ తుడిచింది.

బాషా తల తుడుచుకుంటా వచ్చి చూసి నిలబడిపోనాడు. అరవలేదు. ఆమె చేతిలో గుడ్డ తీసుకుని పిండేడు. ఎర్రటి నీళ్ళు కారేయి.

"ఎడమదా, కుడిదా?" అన్నాడు.

"రెండూ. ఏమైందండీ? మెరుస్తన్నాయి కదా."

"మెరుస్తాయే. లోపలికి నీళ్ళెళ్ళేయి."

"ఎండలో పెట్టనా? చిటికెలో ఆరిపోతాది."

"ఎండకి పొర సాగిపోతాది."

"పోనీ నోటితో ఊదితే?"

"ఉన్న తేమ చాలదని నోటి తేమ కూడానా?"

అప్పుడు ఆమె తడకమీంచి నా వేపు చూసింది. "టీచరమ్మా, నాను ఏటి చేసేను?" అంది. ఇక నాను ఎందుకాగుతాను, కాఫీ గ్లాసుతో సహా వెళ్ళిపోనాను. బాషా నాకు రెండు ముక్కల్లో చెప్పేడు. తడిగా ఉండగా కరెంటు పెడితే పొరకీ రేకుకీ మధ్య నిప్పురవ్వ లేస్తాదిట, పొరకి చిల్లు పడతాదిట. ఈ ఊళ్ళో అలాంటి పొర దొరకదు. ఓడ మనిషి సొత్తు పాడుచేసేడని ఆఫీసుకి తెలిస్తే పాసు పోతాది. చెప్తా చెప్తా చెయ్యి జేబు మీద పెట్టుకున్నాడు. చొక్కాయే వేసుకోలేదు, జేబెక్కడిది.

ఓడల స్పేరుపార్టుల పెట్టెల్లో చిన్న సంచులొస్తాయి చూడు, గాజు గింజల్లాంటివి ఉంటాయి. పొడిగా ఉంటే నీలం, తేమ తాగితే గులాబీ రంగు. బాషా అవి ఎప్పుడూ పారీయడు. ఆవేళ అన్నీ విప్పి పెనం మీద పోసేడు, అన్నీ గులాబీ రంగే. సన్నని సెగ మీద జైతూన్ బీ అట్లకాడతో తిప్పుతుంటే మెల్లిగా నీలానికి తిరిగేయి. సగం తీసి చల్లార్చి పెద్ద పాలడబ్బాలో అడుగున పోసి, మీద పల్చటి గుడ్డ, గుడ్డ మీద ఆ హెడ్‌ఫోన్లు. కానీ డబ్బా మూత సొట్టబడి ఉంది, వేలు దూరేటంత సందు.

"ఇలగైతే వీధిలో తేమంతా ఇందులోకే వస్తాది," అన్నాడు బాషా.

జైతూన్ బీ గోధుమపిండి డబ్బా దించింది.

"ఇప్పుడు రొట్టెలేటి?"

"రొట్టెలు కాదు. బిర్యానీ గిన్నెకి మూత చుట్టూ పిండి పెట్టి దమ్ము ఆపుతాను కదా. ఆవిరి బయటికి పోదు. మరి తేమ లోపలికెలా వెళ్తాది?"

"పిండిలో నీళ్ళుండవా?"

"గట్టిగా కలుపుతాను. సందు మీద కాగితం అంటించి, కాగితం మీద పెడతాను. మీరు ఆ రేడియోలు చూసుకోండి."

నిజంగానే రాయిలా కలిపింది. మూత చుట్టూ పెట్టి వేళ్ళతో నొక్కుకుంటా వచ్చింది. ఇంక మేం ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం, లోపల కోడి ఉడుకుతన్నట్టు. నాను ఆ కబురూ ఈ కబురూ చెప్తన్నాను, ఎవరూ వినటం లేదు. ఆరడానికి రాత్రి దాకా పట్టొచ్చని బాషా అన్నాడు. ఓడ రాత్రికి కదా వెళ్తాదన్నాను నాను ధైర్యానికి.

అప్పుడే సైకిలు గోడకి కొట్టి గవర్రాజు దిగేడు. "బావా, ఏటి సేత్తన్నావ్? ఓడని రేవు దాటించే పైలట్ వచ్చీసినాడు. ఖనిజం ఎక్కించడం తొందరగా అయిపోనాది. ఆ దొర నీ కోసం మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. పద."

బాషా పిండి చీల్చి మూత తీసేడు. గింజలు సగం గులాబీ అయిపోయేయి. అంటే నీళ్ళు తాగేయన్నమాట, ఇంకా తాగతన్నాయన్నమాట. ముట్టుకుంటే రేకులు పొడిగానే ఉన్నాయి.

పరీక్ష చెయ్యకుండా ఎలా ఇస్తాడు. దీన్ని తిన్నగా ఏ ఆంప్లిఫయరు బొక్కలోనూ గుచ్చకూడదు. ఆంప్లిఫయరు వెనక స్పీకరు తీగలు బిగించే చోట ఆ బరువు పెట్టెని కలపాలి. పెట్టె పాటని పెద్ద కరెంటుగా మార్చి చెవులకి పంపుతాది. చిన్న ట్రాన్సిస్టరు సెట్టుకి కడితే గొంతే లేవదు. ఇంట్లో గట్టిదల్లా ఒకటే, చలమయ్య పెళ్ళిళ్ళకి తిప్పే మైకుసెట్టు, రిపేరుకొచ్చి ఉంది. దాని వెనక వరసగా మరలు. ఊరంతా కట్టే బాకాలకి వేరు, ఒక్క స్పీకరుకి వేరు. బాకాల మరకి కడితే పెట్టె మాడిపోతాది. తీగ పట్టుకున్న బాషా వేళ్ళు ఆ మరలకి దగ్గరగా వెళ్ళి వెనక్కొచ్చేయి. కళ్ళజోడు తుడుచుకున్నాడు. స్పీకరు మరకే బిగించేడు. గొంతు మీట అడుగుదాకా తిప్పి, అప్పుడు స్విచ్చి వేసేడు.

చెవికి పెట్టుకుని మీట ఒక్క పిసరు తిప్పేడు. కుడిది పలికింది. ఎడమది చిట్, చిట్ అంది. మాకే వినిపించింది. వెంటనే కట్టీసేడు.

"ఆరలేదు," అన్నాడు.

"పలికింది కదా బావా," అన్నాడు గవర్రాజు. "ఆడి చేతిలో పెట్టీసి మెట్లు దిగిపో. ఓడ కదిలేక ఆడెక్కడ, నువ్వెక్కడ. మాటాడకు, సాలు."

"ఆయన రాత్రి పెట్టుకుంటాడు గవర్రాజూ. రవ్వ లేస్తాది."

"లేస్తే లేత్తాది. నీ పాసు మీద లేవదు కదా. పూచీ నాది, తెల్సా?"

జైతూన్ బీ మొగుడి మొహం వేపు చూడటం లేదు. కొంచెం పిండి మిగిలితే అది చేతిలో నలుపుతంది. బాషా గింజలు మార్చేడు, సెగ మీద పెనంలో మిగిలినవి నీలంగానే ఉన్నాయి. మూత పెట్టి డబ్బా ఆమె ముందుకి తోసేడు. ఆమె మళ్ళీ కాగితం అంటించి పిండి నొక్కింది. బాషా గవర్రాజు సైకిలు వెనక కూర్చుని, ఒళ్ళో పాలడబ్బా, దాని మీద ఆ బరువు పెట్టె పెట్టుకుని వెళ్ళిపోనాడు.

రేవులోకి నన్ను రానివ్వరు కదా. అక్కడ జరిగింది గవర్రాజే తర్వాత చెప్పేడు, అదీ కోపంగా.

ఆఫీసరు పాలడబ్బా చూసి ముందు నవ్వేడుట. తినడానికేమైనా తెచ్చేవా అన్నాడుట. బాషా తనకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేడు. నా భార్య తడిగుడ్డతో తుడిచింది, లోపల నీళ్ళున్నాయి, వచ్చే రేవు దాకా ఈ డబ్బా తియ్యొద్దు, తీసేక గింజలు నీలంగా ఉంటేనే కరెంటు పెట్టు. గవర్రాజు వెనకనుంచి చొక్కా పట్టి లాగుతానే ఉన్నాడుట. ఆఫీసరు మొహం ఎర్రబడింది. డబ్బా లాక్కుని పిండి పీకీసి, హెడ్‌ఫోన్లు తీసి, గదిలో తన ఆంప్లిఫయరుకి కలిపీసి స్విచ్చి మీదకి చెయ్యి పోనిచ్చేడు. బాషా ఆ చేతిమీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడుట.

ఓడ ఆఫీసరు చెయ్యి పట్టుకోడం. అదీ ఆయన గదిలో. ఆయన అరిచేడు, ఏజెంటు ఆఫీసు పెద్దాయన పరుగెత్తుకొచ్చేడు. బాషా చెయ్యి వదల్లేదు. "నో సర్, వెట్ సర్," అంటానే ఉన్నాడుట. పెద్దాయన బాషా జేబులోంచి పాసు లాగీసుకున్నాక, అప్పుడు వదిలేడు. వదిలి, హెడ్‌ఫోన్లు ఊడదీసి డబ్బాలో పెట్టి, కింద పడిన పిండి ఏరి, మళ్ళీ మూత చుట్టూ నొక్కి, దిగిపోనాడు.

ఇంటికొచ్చి జేబు మీద చెయ్యి పెట్టుకుని, తీసీసుకున్నాడు. జైతూన్ బీ అన్నం పెట్టింది. గవర్రాజు చానాళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. ఆయన ఉద్యోగానికీ మాటొచ్చింది, మరి ఆయన్ననుకోడానికి లేదు. ఆ ఏడాది వాళ్ళెలా నెట్టుకొచ్చేరో నాకు తెల్సు. చలమయ్య బాకాలకి తీగలు కట్టడానికి పెళ్ళిపందిళ్ళెక్కేడు బాషా, ఓడల్లో తిరిగినవాడు.

వానలు వెళ్ళేక ఒకనాడు మన వీధిలోకి ఓ తెల్లాయన వచ్చేడు, చంకలో పాలడబ్బా, చేతిలో ఆ బరువు పెట్టె. పిల్లలంతా వెనకాతలే. ఆ ఓడే మళ్ళీ వచ్చిందిట. డబ్బా మూత చుట్టూ ఎండిన పిండి ఇంకా పెచ్చులుగా ఉంది. లోపల గింజలు నీలం. ఆయన పిండి చూపించి "వైఫ్?" అన్నాడు. బాషా తలూపేడు. ఆయన జైతూన్ బీకి దణ్ణం పెట్టేడు, మనలాగ పెట్టబోయి చేతులు గడ్డం కింద ఎక్కడో పెట్టేడు. చలమయ్య మైకుసెట్టుకి కట్టి రెండు చెవులూ వినిపించేరు. నాకూ పెట్టేరు. ఏ భాషో తెల్దు, ఒకామె పాడతంది, మధ్యలో ఊపిరి పీల్చుకోడం కూడా వినిపించింది నాకు.

పాసు మాత్రం రాలేదు. ఆయన ఆఫీసుకెళ్ళి చెప్పేడుట, కొట్టీసిన పేరు మళ్ళీ రాసేది లేదన్నారుట. గవర్రాజు ఒక్కడే ఆ సాయంత్రం వచ్చి వరండాలో కూర్చుని, "టీ పోయించు బావా," అన్నాడు. తర్వాత బాషా ద్వారకా నగర్‌లో కొట్టు పెట్టేడు, నావికులే అక్కడికొస్తన్నారు.

ఇంక లే. ఏటి ఆ మొహం? స్విచ్చి వెయ్యలేదు కదా, నిప్పురవ్వ లేవలేదు కదా. దొరబాబు షిఫ్టు దిగి రాగానే ముందు దాని మీదకే చెయ్యి పోనిస్తాడు, అదీ భయం. ప్లగ్గు తీగ పెట్టెనుంచి కూడా ఊడదీసి నీ కొంగులో ముడేసుకో. మీ ఇంట్లో గోధుమపిండి ఉందా? అయితే కలుపు, గట్టిగా, నీళ్ళు చిలకరించినట్టు పొయ్యాలంతే. గింజల సంచులు తెమ్మని చెప్పాలి, నాను పోస్టాఫీసు పక్కన బూత్‌కి వెళ్ళి బాషా కొట్టుకి ఫోను చేస్తాను. ఈపాటికి తలుపు తీసుంటాడు.