దుమ్ము పీల్చే మెషిన్

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తల్లో, లోకంలో నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉంటుందని అనుకునేదాన్ని కాదు. నరసరావుపేటలో ఒక పెద్ద భవనం పనికి నన్ను సైట్ ఇంజనీరుగా వేశారు. అక్కడ కాంక్రీటు గోడలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసే పెద్దాయనను అందరూ డ్రిల్లు బాబాయ్ అనేవాళ్లు. రొంపిచెర్ల నుంచి పొద్దున నల్ల మీసంతో వచ్చి, మధ్యాహ్నానికి తెల్ల మీసంతో అన్నానికి కూర్చునేవాడు (ఒక్క పూటలో ముప్పై ఏళ్లు పెరిగేవాడన్నమాట). మాస్కు ఇస్తే గడ్డం కిందికి లాగి, అందులో బీడీకట్ట దాచుకునేవాడు. "ఈ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు బాబాయ్" అని నేను పాఠం చెబితే, "ఇరవై ఏళ్ల నుంచి తింటన్నా అమ్మాయ్, అరిగిపోతంది" అని నవ్వేవాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయ్యేది. బాబాయ్ భార్య కూడా అదే సైట్లో ఇటుకలు మోసేది; మా అందరికీ పిన్ని. ఆమె ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది. "నా మాట ఇనడమ్మా. రెండు ముద్దలు తినేలోపు నాలుగుసార్లు దగ్గుతాడు. నువ్వన్నా ఏందో ఒకటి చెయ్యి."

నేను ఊరుకుంటానా? ఆఫీసు వెంటపడి దుమ్ము లాగే వాక్యూమ్ మెషిన్ తెప్పించాను. డ్రిల్లు మొన చుట్టూ తొడుగు పెట్టి, దాని గొట్టాన్ని మెషిన్‌కు తగిలిస్తే దుమ్ము పుట్టినచోటే మాయమవుతుంది. పనివాళ్లందరినీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాను. బాబాయ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె వంక చూసి, "అమ్మాయ్, బొమ్మలో గొట్టం ఇట్టా లేదే" అన్నాడు. "మీకు తెలియదులే బాబాయ్" అని స్విచ్ వేశాను.

ఆ మెషిన్‌కు రెండు కంతలుంటాయట. ఒకటి పీల్చేది, ఒకటి ఊదేది. బాబాయ్ డ్రిల్లు ఆనించాడో లేదో, గది గదంతా తెల్లటి మబ్బు. పైగా ఉపన్యాసానికి అడ్డమని నా మాస్కు నేనే గడ్డం కిందికి లాగి ఉన్నాను! బాబాయ్ ప్లగ్గు పీకి, నన్ను బయటికి నడిపించి నీళ్లిచ్చాడు. దగ్గి దగ్గి నా కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఎట్టుందమ్మాయ్?"

చెప్పబోతే మళ్లీ దగ్గే వచ్చింది. ఆయన నా వంకే చూస్తూ, "ఒక్కసారికే ఇట్టుంటే..." అని ఆగిపోయాడు.

దుమ్ము అణిగాక గొట్టాన్ని ఆయనే రెండో కంతకు మార్చాడు. సాయంత్రానికి, మూతి బిగించిన దుమ్ము సంచిని చేత్తో ఎత్తి బరువు చూశాడు. "ఇదంతా ఇన్నాళ్లూ నా లోపలికే పోయిందా?" అన్నాడు. మర్నాటి నుంచి మాస్కు ముక్కు మీదే ఉంది. ఆ వారమే పిన్ని ఆయన్ను ఆస్పత్రికి లాక్కెళ్లి ఎక్స్‌రే తీయించింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, అన్నం మాత్రం ఆగకుండా తింటున్నాడని చెప్పింది.

ఇప్పుడు నా కింద కొత్త ఇంజనీర్లున్నారు. "మాకు తెలుసు మేడమ్" అని వాళ్లు అన్నప్పుడు నాకు కోపం రాదు. తెల్లబడ్డ కనురెప్పలతో, ఆ మబ్బులో నోరు తెరుచుకుని నిలబడ్డ ఆనాటి పిల్ల ఇంజనీరు గుర్తొస్తుంది. ఆ పిల్లను దగ్గరికి పిలిచి ముఖం తుడవాలనిపిస్తుంది.