అమ్మ మీద అరిచిన రోజులు

ఖమ్మంలో ఎమ్మెస్సీలో చేరాక నాకు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. హాస్టల్ గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలు డిగ్రీ నుంచే స్నేహితులు. వాళ్లు ఎక్కడికైనా పిలిస్తే వెళ్లేదాన్ని కాదు. పిలవడం మానేశాక బాధపడ్డాను. క్లాసులో ఎవరేమన్నా నవ్వి ఊరుకునేదాన్ని. పగలంతా అణచుకున్నది సాయంత్రం అమ్మ ఫోన్ చేయగానే బయటికొచ్చేది.

"తిన్నవా బిడ్డా?"

"తినకపోతే ఏం జేస్తవ్? వచ్చి వండిపెడతవా?"

అమ్మ అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరి, అప్పుడే ఇల్లు చేరి ఉండేది. అది తెలిసే అరిచేదాన్ని. ఫోన్ పెట్టేశాక దిండులో మొహం దాచుకుని ఏడ్చేదాన్ని. మళ్లీ చేసి తప్పయిందని చెప్పడానికి సిగ్గు. మర్నాడు ఏమీ జరగనట్టు ఆమే చేసేది.

పరీక్షల ముందు మంచం దిగడం మానేశాను. లేచి స్నానం చేయడానికి కూడా ఒంట్లో సత్తువ లేదనిపించేది. వార్డెన్ ఇంటికి కబురు పెడితే అమ్మ పని మానుకుని బస్సెక్కి వచ్చింది. ఏమీ అడగలేదు. తలకు నూనె రాసి చిక్కు తీస్తుంటే ఒక వెంట్రుక దువ్వెనకు చిక్కి లాగింది. "నిన్నెవరు రమ్మన్నరు?" అని గదిలో అమ్మాయిల ముందే అరిచాను.

అమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "నొప్పి పెట్టిందా బిడ్డా? తప్పైంది."

ఆ రోజే నన్ను దవాఖానాకు తీసుకెళ్లింది. మానసిక వైద్యురాలు నెమ్మదిగా అడిగింది: "రోజూ మాట్లాడేటోళ్లు ఎవరన్నా ఉన్నరా?"

నాకంటే ముందే అమ్మ అందుకుంది. "అవ్ మేడం, నాతోని రోజూ మాట్లాడ్తది."

ఎలాంటి మాటలో మా ఇద్దరికే తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. "మాట్లాడట్లే మేడం, తిడుతున్న" అన్నాను.

"తిట్టేముందు లోపల ఏముంటది?"

కళ్లు తుడుచుకుని చెప్పాను. "భయం."

మందులు ఇచ్చారు. వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. కోపం వస్తే అరవకముందే ఆ సంగతి చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. "అమ్మా, ఇయ్యాల మనసు బాలే" అని మొదటిసారి అన్నప్పుడు ఆమె, "గట్ల చెప్పు తల్లీ. ఏమైందో తెల్వక నాకు నిద్ర పట్టేది కాదు" అంది.

కుదుటపడడానికి నెలలు పట్టింది. పోయిన పరీక్షలు మళ్లీ రాశాను. ఇప్పటికీ ఒక్కోసారి నోరు జారుతుంది. వెంటనే ఫోన్ చేసి తప్పయిందంటాను. "నాకేం గాలే" అంటుంది అమ్మ. నాకు మాత్రం నమ్మబుద్ధి కాదు.