దబ్బుమన్న నేల

పోయిన నెలలో మూడు బ్యాలేలు చూశాను, మూడూ ఒకే హాల్లో. మూడుసార్లూ ఒళ్ళు మండింది. మునివేళ్ళ మీద తేలాల్సిన అమ్మాయిలు గెంతి దిగినప్పుడల్లా బియ్యం బస్తా పడేసినట్టు దబ్బుమని చప్పుడు, వయొలిన్లు కూడా వినపడనంత. ఇదేం శిక్షణ? మూడోసారి, అభిప్రాయాల కాగితం మీద “వీళ్ళకన్నా ఏనుగులు నయం” అని రాసి డబ్బాలో పడేసి వచ్చాను. యీషున్‌లో ఇంటికి వెళ్ళే రైల్లో మా ఆవిడకి ఫోన్ చేసి, అదే మాట ఇంకా గట్టిగా అన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఎదురుగా సేఫ్టీ బూట్లతో కూర్చున్న నడివయసు మనిషి నా చేతిలోని బ్యాలే కరపత్రం మీద హాలు బొమ్మ చూపిస్తూ తెలుగులోనే అన్నాడు.

“ఆ స్టేజీ నేల మేమే ఏసినాం బాబూ. చెక్క కింద రబ్బరు దిమ్మలెట్టాలి, అడుగేస్తే నేల లొంగాలి. టైము నేదని సిమెంటు మీదే బిగించీమన్నారు. తప్పని మా ఫోర్‌మన్‌కి సెప్పినాను. ‘నీ పని నువ్వు సూస్కో లా’ అని ఈ దేశం యాసలో కసిరినాడు.”

నా కోపం పోలేదు, ఇప్పుడది ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

దిగబోతూ అతను అడిగాడు: “ఆ పిల్లల మోకాళ్ళు బాగున్నాయా బాబూ?”

మూడుసార్లు చూసొచ్చిన నేను ఆ సంగతి చూడనే లేదు. నా కాగితం అప్పటికే డబ్బాలో ఉంది.