కృతజ్ఞతల్లో కలిసిపోయిన మనిషి

ఆ పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన అసిస్టెంటును అందరూ అద్దాలక్క అనేవారు. కాలేయం ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగు వేయడం ఆమె పని. ఒక మధ్యాహ్నం అద్దాలక్క, కొత్తగా చేరిన పరిశోధకురాలిని, అందరూ చిన్న మేడమ్ అనే ఆమెను, మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"ఇది చూడమ్మా. జబ్బు ముదరని వాళ్లలో కూడా ఈ అంచు కణాలు ఉబ్బుతున్నాయి. నలభై స్లైడుల్లోనూ ఇదే వరస."

రెండేళ్లకు ఆ మాటే పెద్ద వ్యాసమైంది. పైన నాలుగు పేర్లు: పరిశోధనశాల నడిపే పెద్దసారు, ఆయన స్నేహితులిద్దరు, చివర చిన్న మేడమ్. అద్దాలక్క మాత్రం వ్యాసం చివరి కృతజ్ఞతల్లో 'సాంకేతిక సిబ్బందికి' అన్న మాటలో కలిసిపోయింది.

అచ్చుకు ముందు చిన్న మేడమ్ ఒకసారి అడిగింది. "అక్క పేరు కూడా ఉండాలి కదా సర్."

"వంటవాడి పేరు శుభలేఖలో వేస్తామా? నీ పేరుంది, చాలు," అన్నాడు పెద్దసారు. ఆమె తలూపి వ్యాసాన్ని అచ్చుకు పంపింది.

మరుసటి ఏడాది అద్దాలక్క గుండె ఆగి చనిపోయింది.

అప్పటి నుంచి చిన్న మేడమ్‌కి మనశ్శాంతి కరువైంది. ఏ సొరుగు లాగినా, ప్రతి స్లైడు మూలనా పక్కకు వాలిన అద్దాలక్క చేతిరాతే. సభల్లో ఎవరైనా "మీరెలా గమనించారు?" అని అడిగితే, జవాబు చెబుతుండగానే వెనక కుర్చీ జరిగినట్టుండేది. పట్టపగలు, అంత జనంలోనూ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

తల్లి కళ్లజోడు, స్వెటరు తీసుకెళ్లడానికి అద్దాలక్క కూతురు వచ్చింది.

"మీ వ్యాసం అమ్మ ఇంటికి తెచ్చింది మేడమ్. నీ పేరేదని అడిగితే, అందులోని స్లైడుల బొమ్మలు చూపించి ఇవేనంది."

ఆ వారమే చిన్న మేడమ్, అక్క పేరు చేర్చమని వ్యాసం వేసిన పత్రికకు ఉత్తరం రాసింది. పేరున్న వాళ్లందరూ ఒప్పుకుంటేనే కొత్త పేరు చేరుస్తామన్నారు. పెద్దసారు ఒప్పుకోలేదు. "అయితే నా పేరు తీసేయండి," అని రాసిందామె. దానికి మాత్రం ఆయన వెంటనే సంతకం పెట్టాడు.

సవరించిన ప్రతిని కూతురికి పంపింది. ఆ పిల్ల ఫోను చేసింది.

"మీరు కూడా లేరేంటి మేడమ్? ఇక అమ్మ చెప్పిందనడానికి సాక్షి ఎవరు?"

చిన్న మేడమ్ అంతదాకా ఆలోచించలేదు. ఇప్పుడు వేరే ఊళ్లో పాఠాలు చెప్పుకుంటోంది. వెనక గోడ ఉన్నచోట తప్ప నిలబడదు.