పెద్దమామ కొట్టి చూసిండు

నేను డిగ్రీ పాసైన! మా ఖాందాన్‌ల మొదటి డిగ్రీ నాదే. గల్లీ అంతా చెప్పొచ్చిన గానీ, మా పెద్దమామ నోట "అసలుదే" అన్న మాట వినకపోతే నాకు పాసైనట్టే అనిపిస్తలేదు.

పెద్దమామ ఫిల్మ్‌నగర్‌ల ముప్పై ఏండ్లు సినిమా సెట్టింగులు కట్టిన కార్పెంటర్. ప్లైవుడ్‌తోని ఎన్ని కోటలు లేపిండో, ఎన్ని గుళ్లు లేపిండో! పని మానేసినంక సెలవులొస్తే సాలు, అందరినీ టూర్లకు తీస్కపోతడు. యాడికి పోయినా ముందుగాల గోడను వేలి కణుపుతోని టక్ టక్ కొట్టి చూస్తడు.

వరంగల్ కోటల తోరణాన్ని గట్లనే కొట్టిండు. కావలాయన ఉరికొచ్చిండు.

"ఏంది పెద్దాయనా, ఎవరన్న తలుపు తీస్తరా గట్ల కొడుతున్నవ్?"

"రాయే తమ్మీ! బోలుగ మోగుతలేదు. అసలుదే!"

"గిన్నేండ్ల సంది నీ సర్టిఫికెట్ కోసమే నిలబడ్డది పో," అన్నది అత్త.

దసరాకు అందరూ యూసుఫ్‌గూడల మా ఇంట్ల జమయిన్రు. ఫ్రేమ్ కట్టించిన డిగ్రీ పట్టా మామ చేతిల పెట్టిన. ఆయన వెనక్కి తిప్పి టక్ టక్ కొట్టిండు. బోలుగ మోగింది.

"ప్లైవుడ్డే బిడ్డా," అన్నడు. అందరూ ఒకటే నవ్వుడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అది ఫ్రేమ్ మామా! సదివింది నేను గదా!"

"గట్లనా?" అని నన్ను దగ్గరికి గుంజుకొని, నెత్తి మీద టక్ టక్ కొట్టి చెవి పెట్టి విన్నడు.

"అసలుదే!"

నెత్తి ఇంకా నొస్తుంది. నొయ్యనీ!