చలికాలం లేని ఊళ్లో నీలి గంటపువ్వులు

సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు విరగబూసిన రోజులవి. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం దిగితే సగం మంది ప్రోగ్రామర్లే కనిపించేవారు. మా ఆయనా నేనూ అలా వచ్చినవాళ్లమే. చోవా చూ కాంగ్‌లో ఫ్లాట్, రాఫెల్స్ ప్లేస్‌లో నా ఆఫీసు. బ్యాంకుల కోసం ప్రోగ్రాములు రాసే కంపెనీ మాది. ఒక వేసవిలో నన్ను శిక్షణ కోసం ఇంగ్లండ్ పంపించారు. అప్పటికి నాకు మూడో నెల. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అక్కడ నాకు గది అద్దెకిచ్చిన ముసలావిడ ఇంటి వెనక పాత రాతిగోడ ఉండేది. దాని సందుల్లోంచి నీలి రంగు పువ్వులు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. ఒక్కో పువ్వూ చంటిపిల్లల కాలిమువ్వంత గంట. మాకేమో నీలం పువ్వంటే శంఖుపువ్వే. ఇది అంత ముదురు కాదు, తెల్లవారబోయే ముందు ఆకాశం రంగు. రోజూ పొద్దున టీకప్పు పట్టుకుని ఆ గోడ దగ్గరే నిలబడేదాన్ని.

"వీటిని నాటింది మా అమ్మ" అందావిడ ఒకరోజు. "చలికాలంలో మొత్తం చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. కంగారుపడి తవ్వి పారెయ్యకూడదు. ఎండ రాగానే మళ్లీ వాటంతటవే వస్తాయి. నేను పుట్టకముందు నుంచీ వస్తూనే ఉన్నాయి."

నేను బయల్దేరే రోజు కాగితం పొట్లంలో చిటికెడు విత్తనాలు కట్టిచ్చింది. గసగసాలు వాటి ముందు గుండ్రాళ్లు. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోయేలా ఉన్నాయి.

తిరిగొచ్చాక వాటిని తడిమట్టి మీద చల్లాను. పైన మన్ను కప్పకూడదని ఆవిడ చెప్పింది. కుండీని ఏసీ ఉన్న పడగ్గదిలో, కిటికీ పక్కన పెట్టాను. రెండు వారాలకు ఆకుపచ్చని నలకలు లేచాయి.

"ఇంతకీ పూసేదెప్పుడు?" అన్నారు మా ఆయన.

"వచ్చే ఏడు. మొదటి ఏడాది ఆకులేనట. ఒక చలికాలం దాటితే గాని పూయవట."

"అప్పటికి మనబ్బాయో, మనమ్మాయో పాకుతూ వచ్చి పువ్వులన్నీ పీకి నోట్లో పెట్టుకుంటారు చూడు."

ఇక్కడ చలికాలం ఎక్కడిదన్న ఆలోచన అప్పుడు మా ఇద్దరికీ రాలేదు.

ఏడో నెలలో ఒకరోజు ఆఫీసులో పని చేసుకుంటుంటే, పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదని తట్టింది. చల్లటి నీళ్లు తాగితే కదులుతుందని పెద్దవాళ్లు అంటారు కదా అని గ్లాసు మీద గ్లాసు తాగాను. పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. తర్వాత టాక్సీలో ఆస్పత్రికి వెళ్లాను. స్కానింగ్ చేస్తున్న డాక్టరు తెరను తన వైపు తిప్పుకుంది. నాకు అప్పుడే తెలిసిపోయింది.

అయినా కనక తప్పదన్నారు. కన్నాను. "చూస్తారా?" అని నర్సు అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన బిడ్డను తీసుకుని పక్క గదిలోకి వెళ్లారు. చాలాసేపటికి చేతులు ఖాళీగా తిరిగొచ్చారు. ఆడపిల్ల అని మాత్రం చెప్పారు.

నేను ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల లేదు. చిన్న చిన్న బట్టలు లేవు. పక్క ఫ్లాట్ ఆంటీ, మా ఆయన కలిసి అన్నీ తీసేశారు. ఆంటీది హైదరాబాద్, చార్మినార్ దగ్గర. సింగపూర్ వచ్చి చాలా ఏళ్లయింది. నన్ను కావలించుకుని ఉర్దూలో ఏదో ప్రార్థన చేసింది. ఆ కుండీ మాత్రం అక్కడే ఉంది. అది కూడా బిడ్డ సామానే అని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి నాకు అదే లోకం. ఏసీ ఆపి ఆఫీసుకు వెళ్తే సాయంత్రానికి గది కొలిమిలా మారేది. వానలు పడుతున్నా ఉక్క తగ్గేది కాదు. మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే పక్కకు వాలిపోయాయి. కుండీని వంటింట్లోకి మార్చాను, కారిడార్‌లోకి మార్చాను, స్నానాలగదిలో చల్లటి నేల మీద పెట్టాను. ఆఖరికి ఒక్కటే మిగిలింది. అరచేతి వెడల్పున ఆకులు పరుచుకుని, నేలకు అతుక్కుని ఉంది.

అది పూస్తే ఏమవుతుందో నాకు తెలియదు. పూయకపోతే మాత్రం నేను ఉండననిపించేది. ఈ మాట ఎవరికి చెప్పగలను? మా ఆయన నాతో అన్నం గురించి, కరెంటు గురించి, వాన గురించి మాట్లాడేవారు. నేనూ అవే మాట్లాడేదాన్ని.

దానికి చలి కావాలి. నాకు తెలిసిన చల్లటి చోటు ఆఫీసులో కంప్యూటర్లు వరసగా బీరువాల్లో ఉండే సర్వర్ గది. అందులోకి వెళ్లేటప్పుడు స్వెట్టర్లు వేసుకునేవాళ్లం. ఒక పొద్దున కుండీని సంచిలో పెట్టి తీసుకెళ్లి, ఆఖరి బీరువా వెనక, ట్యూబ్‌లైటు వెలుగు పడేచోట దాచాను. రోజూ చెంచాతో నీళ్లు పోసేదాన్ని. నెలరోజులైనా చచ్చిపోలేదు. ఒక కొత్త ఆకు కూడా వేసింది. ఆ రోజు ఎన్నాళ్లకో ఆకలేసి, చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కడుపునిండా నూడుల్స్ తిన్నాను.

తర్వాతి వారం మా మేనేజరు చూసేశాడు. స్థానిక చైనీయుడు, మితభాషి. నన్ను పిలిచి కుండీని చూపించాడు.

"ఇది నీదా?"

"అవును."

"కింద కరెంటు వైర్లున్నాయి. నీళ్లు కారితే బ్యాంకు మొత్తం ఆగిపోతుంది, తెలుసా? వై యూ డూ దిస్?"

"దానికి చలికాలం కావాలి" అన్నాను. ఇంకేదైనా అనాలనుకున్నాను. అదే మాట మళ్లీ వచ్చింది. మళ్లీ అదే. ఆపలేకపోయాను.

ఆస్పత్రి సంగతి అతనికి తెలుసు, నా సెలవు మీద సంతకం పెట్టింది అతనే. "ఇంటికి తీసుకెళ్లు. ఇప్పుడే వెళ్లిపో" అని మాత్రం అన్నాడు. తలుపు తీసి పట్టుకున్నాడు.

రైలు కిక్కిరిసి ఉంది. జనం తోపులాటలో ఆకులు విరుగుతాయని కుండీని పొట్టకు ఆనించుకుని, పైన చున్నీ కప్పి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా కూర్చున్న స్కూలు పిల్ల నా పొట్ట వైపు చూసి గభాలున లేచింది.

"ఆంటీ, యూ సిట్, యూ సిట్."

నాకు బుర్ర పనిచేయలేదు. కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన నవ్వి నాకు చోటివ్వడానికి జరిగాడు. దారి పొడుగునా ఆ పిల్ల బ్యాగు పట్టుకుని నన్ను ఎవరూ తగలకుండా నిలబడింది. చోవా చూ కాంగ్ వచ్చేదాకా నేను చున్నీ తీయలేదు.

ఇంటికెళ్లి ఫ్రిజ్‌లోంచి కూరగాయల ట్రే లాగి, నేలమీద ఖాళీ చేసి, అందులో కుండీ పెట్టాను. మా ఆయన వచ్చి పాలకోసం తలుపు తీశారు.

"ఏంటిది? నీకేమన్నా పిచ్చా?"

"తియ్యకండి."

"అది మొక్క. ఇక్కడ బతకదు. ఎందుకిట్టా చేస్తున్నావు?"

"తీస్తే నేను పోతాను. నిజంగా పోతాను" అన్నాను.

ఆయన ఫ్రిజ్ తలుపు మూసేశారు. తర్వాత నేలమీద పడున్న వంకాయలూ బెండకాయలూ ఏరి గిన్నెలో వేశారు. పాలు తీసుకోకుండానే వెళ్లి పడుకున్నారు.

మర్నాడు ఆంటీ పెరుగు తోడుకని వచ్చి చూసింది. "యా అల్లా, ఫ్రిజ్‌ల చెట్టు పెట్టినవా బేటీ?" అంది. బయటున్న కూరగాయల గిన్నె చూసి, "సరే. కూరగాయలు నా ఫ్రిజ్‌ల పెట్టుకో పో. జగా మస్తుంది" అని గిన్నె తీసుకెళ్లింది. ఆ తర్వాత మా కూరగాయలన్నీ ఆంటీ ఇంట్లోనే ఉండేవి.

ఫ్రిజ్‌లో ఆకులు పసుపెక్కి, ఎండి, మట్టికి అంటుకుపోయాయి. ముసలావిడ చెప్పినట్టే చచ్చిపోయినట్టు కనిపిస్తోంది. తవ్వలేదు. ఎన్నో వారాలు అలాగే ఉంచి, బయటకు తీసి, పడగ్గదిలో కిటికీ పక్కన పెట్టాను. ఏసీ రాత్రింబగళ్లు వేసే ఉంచాం. నేను అడగకుండానే మా ఆయన వెళ్తూ వెళ్తూ దాన్ని ఆపడం మానేశారు.

మట్టిలోంచి మొలక వచ్చింది.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మా ఆయనను కేకేశాను. ఆయన కూడా పక్కనే కూర్చున్నారు. రోజుకింత పెరిగింది. నాలుగాకులేసింది. మధ్యలో ఏదో ఉబ్బెత్తుగా కనపడితే మొగ్గేనని ఆంటీని పిలిచి చూపించాను. "ఇన్షా అల్లా" అందావిడ.

అది మొగ్గ కాదు. కుళ్లు. ఒక ఆదివారం పొద్దున ముట్టుకుంటే మొలక మొత్తం నా వేళ్లకు అంటుకుని వచ్చేసింది. మట్టిలోకి వేళ్లు దించి తవ్వాను. వేరు ఉన్నచోట నల్లటి జిగట ఉంది. ఇంకా తవ్వాను. కుండీ అడుగు తగిలింది. అప్పుడు అరిచాను. ఆస్పత్రిలో రాని అరుపు అది. మట్టి చేతులతో పక్క దుప్పటి పట్టుకుని అరిచాను.

మా ఆయన వచ్చి నన్ను వెనక నుంచి పట్టుకున్నారు. పెనుగులాడాను. వదల్లేదు.

"జుట్టు చాలా ఉంది" అన్నారు చెవి దగ్గర.

నాకు అర్థం కాలేదు.

"పాపకు. నల్లగా, ఒత్తుగా ఉంది జుట్టు. తడిగా ఉంటే నా చొక్కాతో తుడిచాను. ఎడం చెవి కొస మడిచినట్టుంది. గోళ్లు కూడా వచ్చేశాయి."

"ఇంకా?"

"నీ గడ్డమే."

"ఇంకా చెప్పండి."

ఎత్తుకుంటే ఎంత బరువనిపించిందో, నర్సు ఏ రంగు గుడ్డలో చుట్టిందో, తను పాపతో ఏం మాట్లాడారో అన్నీ చెప్పారు. నేను ఇంకా ఇంకా అని అడుగుతూనే ఉన్నాను. చివరకు "ఇంతే. నాకు తెలిసింది ఇంతే" అని ఏడ్చేశారు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం చాంగీ వైపు తీరానికి తీసుకెళ్లారు. దహనమయ్యాక పంతులుగారితో పడవలో వెళ్లి పాప అస్థికలు సముద్రంలో కలిపొచ్చింది అక్కడేనట. దూరంగా ఓడలు లంగరేసి ఉన్నాయి. విమానం ఒకటి తలమీదుగా కిందికి దిగుతోంది.

"ఎక్కడ?" అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఒకవైపు చూపించారు. కాసేపటికి చెయ్యి కొంచెం పక్కకు జరిపారు. మళ్లీ జరిపారు.

"అక్కడెక్కడో" అన్నారు.

చీకటి పడేదాకా అటే చూస్తూ నిలబడ్డాం.