పోయిన అడ్రసుల కోసం మూడు బస్సులు

మా పక్కింటి అత్తయ్య పోయిన మంగళవారం చనిపోయారు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయారు. పిడుగురాళ్లలో మా వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నా ఎదుటే అన్నారు: “పాపం, ఒంటరి మనిషి. పొద్దుపోక ఎప్పుడు చూసినా ఆ కంప్యూటర్ ముందే కూచునేది.” చావింట్లో గొడవెందుకని అప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. ఆవిడ పొద్దుపోక కూర్చోలేదు.

అత్తయ్య నాకు చుట్టం కాదు. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. గోడ పక్క గోడ కాబట్టి నేను అత్తయ్యా అనేదాన్ని, ఆవిడ నన్ను ఏమే అనేవారు. రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని ఒకటే. చూపు లేకుండా డిగ్రీ చదువుతున్నవాళ్ల కోసం పాఠాలు పైకి చదివి, రికార్డు చేసి, మెయిల్లో పంపడం. వాళ్ల ఫోన్లు మెయిళ్లను చదివి వినిపిస్తాయి కాబట్టి వాళ్లకూ అదే వీలు. ఒకరి ద్వారా ఒకరు చేరి నలభై మంది దాటారు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చేవాళ్లు, అందరూ చదవగలిగే పుస్తకం ఎందుకివ్వరో నాకీరోజుకీ అర్థం కాదు. నేను మండిపడితే అత్తయ్య, “తిట్టటం నువ్వు చూసుకోవే, చదవటం నేను చూసుకుంటా” అనేవారు.

పాఠంలో పటం వస్తే దాటేసేవారు కాదు. “ఉత్తరం వైపు తిరిగి చేతులు చాపండి. మీ ఎడమచేతి నుంచి కుడిచేతికి పారేది కృష్ణ” అని చెప్పేవారు. ఒక పేరు తప్పు పలికితే పేజీ మొత్తం మళ్లీ చదివేవారు.

రెండేళ్ల కిందట, పరీక్షలు ఇంకో ఇరవై రోజులున్నాయనగా ఆ కంప్యూటర్ మొరాయించింది. నా స్కూటీ మీద నేనే షాపుకి తీసుకెళ్లాను. మర్నాడు కొత్తదానిలా మెరుస్తూ తిరిగొచ్చింది. విండోస్ మళ్లీ వేశారట. మెయిల్ తెరిస్తే అడ్రసుల పుస్తకం ఖాళీ. పాఠాలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి గనక బతికాయి. వాటిని ఎవరికి పంపాలో చెప్పేది మాత్రం ఒక్క అక్షరం మిగల్లేదు.

ఇద్దరం షాపుకి వెళ్లాం. షాపాయన తల కూడా ఎత్తలేదు.

“మొత్తం ఫార్మాట్ కొట్టా మేడం. అడ్రసులే కదా, వాళ్లే మళ్లీ మెయిల్ పెడతార్లే.”

“ఏమన్నా దాచాలా అని ఒక్క మాట అడిగావా?” అన్నారు అత్తయ్య.

“అందరికీ ఇట్టానే చేస్తాం. ఇప్పటిదాకా ఎవరూ ఇదేందని అడగలా.”

“అడగలేదంటే ఎవరికీ నష్టం రాలేదని కాదు నాయనా.”

ఇంటికొచ్చి మెయిల్ సైటులోకే వెళ్లి చూశాం. ఉత్తరాలు కంప్యూటర్‌లోకి దిగగానే అక్కడ చెరిగిపోయేలా ఎవరో ఎప్పుడో పెట్టి ఉన్నారు. అక్కడా ఏమీ లేదు. “అన్నీ పోయినయ్ అత్తయ్యా” అన్నాను.

“మన దగ్గర పోయినయ్. వాళ్ల దగ్గర పోలేదుగా!”

నిజమే. ఆవిడ అందరి అడ్రసులూ పైన పెట్టి ఒకేసారి పంపేవారు. ఆ మెయిల్ అందుకున్న ఏ ఒక్కరు దొరికినా చాలు. కానీ ఫోన్ నంబర్లు లేవు. ఒకమ్మాయిది ఎడ్లపాడనీ, వాళ్ల నాన్న సెంటర్లో బట్టలు కుడతాడనీ మాత్రం తెలుసు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నరసరావుపేటకొక బస్సు, అక్కణ్ణుంచి చిలకలూరిపేటకొకటి, అక్కణ్ణుంచి ఎడ్లపాడుకొకటి. ఎండ మాడిపోతోంది. అత్తయ్య సంచిలో లావుపాటి నోటుపుస్తకం, రెండు పెన్నులు.

“లోపల ఎవరమ్మా?” అని ఆవిడ ఆ టైలరు కొట్టు గుమ్మంలో అన్నారో లేదో, కుట్టుమిషన్ పక్కనుంచి ఆ అమ్మాయి లేచి నిలబడింది. “మేడం!” అంది. అంతకుముందు వాళ్లు ఒకరికొకరు ఎదురుపడింది లేదు.

సంగతంతా చెప్పి అత్తయ్య పుస్తకం తెరిచారు. “ఒక్కొక్కటే చెప్పమ్మా, రాసుకుంటా.”

అమ్మాయి నవ్వింది. “రాయటమెందుకు మేడం? మీరు పంపిందాన్నే మీకు తిప్పి పంపుతా.” నిమిషం పట్టలేదు. అయినా అత్తయ్య ఇంటికొచ్చాక ప్రతి అడ్రసునూ కంప్యూటర్‌లో ఎక్కించి, పుస్తకంలోనూ రాసుకున్నారు.

అంతటితో అయిపోతే ఇంత కోపం ఉండేది కాదు. అందరికీ కలిపి పంపిన ఆ ఆఖరి మెయిల్ రెండు నెలల కిందటిది. ఆ తర్వాత చేరినవాళ్లు ఐదుగురు, వాళ్లకి పాత పాఠాలు విడిగా పంపుతూ ఉండేవారు. అడగ్గా అడగ్గా నలుగురు దొరికారు. క్రోసూరు దగ్గర ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన మాత్రం దొరకలేదు. ఫలితాలొచ్చాక ఆయనే రాశాడు: “మేడం, పాఠాలు రాలేదు. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. చరిత్ర పేపరు తప్పాను. నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా? కోపమొచ్చి నన్ను తీసేశారా?”

అత్తయ్య ఆ ఉత్తరం ప్రింటు తీయించి, నేరుగా షాపుకి నడిచి, షాపాయన ముందు పెట్టారు.

“చదువు. పైకి చదువు.”

ఆయన మొదలుపెట్టాడు. చివరి వాక్యం దాకా వచ్చి కాగితం కింద పెట్టాడు. “సారీ మేడం.”

“నాకెందుకు? ఆయనకు రాయి. తప్పు ఎవరిదో నీ చేత్తో రాయి.”

మా ఎదుటే రాశాడు. అత్తయ్య పాఠాలన్నీ ఆరోజే పంపారు. క్రోసూరాయన మరుసటి ఏడాది గట్టెక్కాడు. ఇప్పుడా షాపులో ఏ కంప్యూటర్ ముట్టుకున్నా ముందు “ఏమేం దాచాలో చెప్పండి” అని అడుగుతున్నారు. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి ఒక మనిషి ఏడాది పోవాలా? అత్తయ్య షాపాయన్ని క్షమించారేమో, నాకు తెలియదు. నేను క్షమించలేదు.

ఆవిడ పోయిన రోజు ఆ అడ్రసులన్నిటికీ కబురు రాసింది నేనే. శుక్రవారం ఎడ్లపాడు అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. “మేడం ఎక్కడ కూచుని చదివేవాళ్లక్కా?” అని అడిగింది. గదిలోకి తీసుకెళ్లాను. కుర్చీ మీద చెయ్యి వేసింది గానీ కూర్చోలేదు. తడుముకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పుడే సున్నం లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది, ఊచలు అదిరాయి.

“పాఠం మధ్యలో వినపడేది ఇదే” అంది. “ఇది పోయిందాకా మేడం ఆగేవాళ్లు.”

లారీ దూరమైంది. రోడ్డు సద్దుమణిగింది. ఆ అమ్మాయి ఊచలు పట్టుకుని, తల కొంచెం వంచి, వింటూ అలాగే నిలబడి ఉంది.